పోచంపల్లి చీరలు నేరుగా అమ్మాలనుకుంటున్నాం: ఏ సామాజిక మాధ్యమంతో మొదలుపెట్టాలి?

ఇకత్ ఇంటి కోడలు

అందరికీ నమస్కారం. మాది భూదాన్ పోచంపల్లి. మామయ్య, మా ఆయన మగ్గం మీద నేస్తారు. ఆసు పోయడం (పట్టుదారాన్ని మేకుల చుట్టూ వరుసగా తిప్పడం), దారానికి కట్లు కట్టడం, రంగులు అద్దడం అత్తయ్యా నేనూ చూసుకుంటాం. ఇన్నేళ్లూ షావుకారు ఇచ్చిన పట్టుతో కూలికే నేశాం. మా చేతుల మీదుగా వెళ్లిన చీర చివరికి ఎంతకు అమ్ముడుపోయిందో మాకు ఎప్పుడూ తెలియలేదు. ఈ ఏడాది నుంచి కొన్ని చీరలైనా సొంత పెట్టుబడితో నేసి, కట్టుకునేవాళ్లకే నేరుగా అమ్మాలని ఇంట్లో నిర్ణయించుకున్నాం.

ఎక్కడ మొదలుపెట్టాలన్నదే తేలడం లేదు. తమ్ముడు ఇన్‌స్టాగ్రామ్ అంటాడు. మరిది యూట్యూబ్ అంటాడు. పక్కింటివాళ్లు ఫేస్‌బుక్‌లో అమ్ముతున్నారు. ఈమధ్య ఒక సంస్థ వాళ్లు ఫోన్ చేసి, నెలనెలా రుసుము కడితే అన్ని వేదికల్లోనూ ఖాతాలు తెరిచి, పదివేల మంది ఫాలోయర్లను తెచ్చిపెడతామన్నారు. నాకు దొరికేది సాయంత్రం వంట అయ్యాక కొంచెం సమయం. చేతిలో ఉన్నది మామూలు ఆండ్రాయిడ్ ఫోను. మీలో చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.

ప్రచారం పనివాడు, హైదరాబాద్

అమ్మా, చిన్న వ్యాపారాలకు ఆన్‌లైన్ ప్రకటనలు చేసిపెట్టడమే నా ఉద్యోగం. ముందుగా ఆ పదివేల ఫాలోయర్ల మాట పక్కన పెట్టండి. డబ్బిచ్చి తెచ్చుకున్న ఖాతాల్లో చీర కొనే మనిషి ఒక్కరూ ఉండరు. పైగా వాళ్లు మీ పోస్టులను పట్టించుకోరు కాబట్టి, ఇది ఎవరికీ నచ్చడం లేదని ఇన్‌స్టాగ్రామ్ లెక్క వేసుకుని, నిజంగా కొనేవాళ్లకు కూడా చూపించడం తగ్గిస్తుంది. డబ్బుకు డబ్బు పోయి, పైన నష్టం.

ఏ వేదిక అని అడిగే ముందు మీరు మూడు సంగతులు తేల్చుకోవాలి. మీ చీర కొనేది ఎవరు? ఏ సందర్భానికి కొంటారు? డబ్బు పంపే ముందు చివరిగా ఎక్కడ మాట్లాడతారు? నాకు తెలిసినంతలో పట్టు ఇకత్ (నేయకముందే దారానికి కట్లు కట్టి రంగులు వేసే చీరలు) కొనేవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగాలు చేసే ఆడవాళ్లు. పెళ్లికో, పండుగకో, ఆఫీసులో వేడుకకో కొంటారు. ఫోటో చూసి మనసు పడతారు, వాట్సాప్‌లో బేరం తేల్చుకుంటారు. అంటే మీకు కావలసినవి రెండు: చీర కంటపడే చోటు ఒకటి, మాట కుదిరే చోటు ఒకటి. మొదటిదానికి ఇన్‌స్టాగ్రామ్, రెండోదానికి వాట్సాప్ బిజినెస్, అంటే వస్తువుల ఫోటోలు, ధరలు కేటలాగుగా పెట్టుకోగలిగే వ్యాపారుల వాట్సాప్ యాప్. మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు.

కోనసీమ పచ్చళ్లు

పై ఆయన చెప్పిన పద్ధతి బాగుంది కానీ, ఇన్‌స్టాగ్రామ్ విషయంలో నాది వేరే అనుభవం. మేము ఆవకాయ, మాగాయ, గోంగూర, కందిపొడి అమ్ముతాం. మా ఆర్డర్లలో చాలా భాగం ఫేస్‌బుక్ నుంచే వస్తాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో లైకులు వస్తాయి, "నోరూరుతోంది" అని రాస్తారు, అక్కడితో సరి. ఫేస్‌బుక్‌లో ఉన్నది నలభై దాటినవాళ్లు. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటారు, వాళ్లకు పంపడానికి కొంటారు. అడిగే ప్రశ్నలే చెబుతాయి కొనేవాళ్లెవరో: నూనె ఏమిటి, కారం గుంటూరుదేనా, ఎన్ని నెలలు నిలవ ఉంటుంది.

మా సొంత పేజీకన్నా గ్రూపుల వల్లే మాకు మేలు జరిగింది. కాలనీ గ్రూపులు, వంటల గ్రూపులు, విదేశాల్లోని తెలుగువాళ్ల గ్రూపులు. అమ్మకాల పోస్టులకు కొన్ని గ్రూపులు ఒకే రోజు కేటాయిస్తాయి, ఆ నియమం పాటించాలి. మిగతా రోజుల్లో ఎవరైనా "ముక్క మెత్తబడింది, ఎందుకు?" అని అడిగితే ఓపిగ్గా జవాబు చెప్పాలి. అలా జవాబు చెప్పినవాళ్ల దగ్గరే తర్వాత కొంటారు.

వీక్షణలకూ అమ్మకాలకూ సంబంధం లేదనడానికి మా పక్క ఊరే సాక్ష్యం. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ మీద పిండిలో తడిపిన గుడ్డ పరిచి లాగితే క్షణంలో రేకు లేస్తుంది. ఆ వీడియో ఎవరు పెట్టినా లక్షలమంది చూస్తారు. చూసినవాళ్లలో సగంమంది వేరే రాష్ట్రాలవాళ్లు, అది తినేదని కూడా చాలామందికి తెలియదు. ఆర్డర్లు మాత్రం పండుగల ముందు, పాత ఖాతాదారుల నుంచి ఫోన్లలోనే వస్తాయి.

ఇంకో మాట, ఇది చీరలవారికి కాదు, ఇది చదివే తినుబండారాలవాళ్లకు: చిన్న ఎత్తున అమ్మినా ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నమోదు తప్పనిసరి. ఆ 14 అంకెల నంబరు సీసా మీద కనిపిస్తే కొత్తవాళ్లు ధైర్యంగా కొంటారు.

పంపుసెట్ల షాపు, ఖమ్మం జిల్లా

నాది మోటార్ల రిపేరు దుకాణం. నాకు ఇన్‌స్టాగ్రామ్ పనికిరాదు, ఫేస్‌బుక్ కూడా అంతంతమాత్రమే. రైతుకు మోటారు కాలిపోయినప్పుడు నేను గుర్తుకు రావాలి, ఆ గంటలోనే రావాలి. అందుకే గూగుల్ మ్యాప్స్‌లో దుకాణం నమోదు చేశాను. అది ఉచితం. బోర్డు కనిపించేలా బయటి ఫోటో, లోపల పనిచేసే బల్ల ఫోటో, తెరిచి ఉండే వేళలు, ఫోన్ నంబరు పెట్టాను. పని అయ్యాక రైతునే రెండు మాటలు రాయమంటాను. ఫోనులో మాట్లాడి వెతికేవాళ్లు ఇప్పుడు ఎక్కువ, "దగ్గర్లో మోటారు రిపేరు" అని తెలుగులో అంటే నా దుకాణం చూపిస్తుంది.

యూట్యూబ్ కూడా నాకు బాగా కలిసొచ్చింది. సింగిల్ ఫేజ్ మోటారు గుయ్‌మంటుంది కానీ తిరగదు. చాలాసార్లు అది కెపాసిటర్ పోవడం వల్లే. కరెంటు కట్టేసి, కెపాసిటర్‌ను ఎలా పరీక్షించాలో, ఎంత మైక్రోఫారడ్లది తెచ్చుకోవాలో చూపిస్తూ ఒక వీడియో పెట్టాను. పాతదే, ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు. అలాంటి చిన్న మరమ్మతు నేర్పితే బేరం పోతుందని కొందరు అన్నారు. చిన్నది సొంతంగా చేసుకున్న రైతు పెద్దది వచ్చినప్పుడు నా దగ్గరికే తెస్తున్నాడు.

చెల్లెమ్మా, పోచంపల్లికి హైదరాబాద్ నుంచి సెలవు రోజుల్లో జనం వస్తారు కదా. ఊళ్లో మీ ఇల్లు ఎక్కడో మ్యాపులో కనిపించకపోతే వాళ్లు రోడ్డు పక్క మొదటి దుకాణంలోనే కొనుక్కుని తిరిగి వెళ్లిపోతారు. నమోదు చేసేటప్పుడు గూగుల్ వీడియో తీసి పంపమనవచ్చు. వీధి, ఇంటి ముఖద్వారం, మగ్గం వరుసగా చూపిస్తే చాలు.

డాలస్ అత్తయ్య

నేను అమ్మేదాన్ని కాదు, కొనేదాన్ని. ఇక్కడ మా స్నేహితురాళ్లందరం బతుకమ్మకు, ఉగాదికి, పిల్లల వేడుకలకు చేనేతే కడతాం. మేము ఎలా కొంటామో చెబుతాను, నీకు పనికొస్తుందేమో చూడమ్మా.

చీర మొదట కనపడేది ఇన్‌స్టాగ్రామ్‌లో, లేదా ఇక్కడి ఆడవాళ్ల ఫేస్‌బుక్ గ్రూపులో. నచ్చితే వెంటనే చూసేది ధర. ధర లేకుండా "వివరాలకు మెసేజ్ చేయండి" అని ఉంటే నేను ముందుకు వెళ్లిపోతాను. అడిగితే మనిషిని బట్టి ధర చెబుతారేమోనన్న అనుమానం వస్తుంది. రెండోది రంగు. దీపాల వెలుగులో తీసిన ఫోటో చూసి తెప్పించుకుంటే వంకాయ రంగు కాస్తా నేరేడు రంగై వస్తుంది. పగటి వెలుగులో, గుమ్మం దగ్గర తీసిన ఫోటో ఒక్కటి చాలు. మూడోది అతి ముఖ్యం: చీర వెనకవైపు చూపించు. అసలైన ఇకత్‌లో దారానికే రంగు ఉంటుంది కాబట్టి రెండు వైపులా డిజైన్ ఒకేలా కనబడుతుంది. ప్రింటు చీరలో వెనక వెలసినట్టు ఉంటుంది. కొంగు మడిచి వెనక్కి తిప్పి చూపించే పది సెకన్ల వీడియో మాకు ఏ సర్టిఫికెట్టుకూ తీసిపోదు.

యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారాల్లో చీరలు అమ్మేవాళ్లున్నారు. నాకు ఆ హడావిడి నచ్చదు, మా అక్కకు అదే ఇష్టం. కాబట్టి అందరినీ ఒకే గాటన కట్టను. కానీ పెద్ద మొత్తం పెట్టేటప్పుడు అందరం కోరేది వాట్సాప్ వీడియో కాల్. నీకు ఉదయం ఏడున్నర అంటే వేసవిలో మాకు రాత్రి తొమ్మిది. పిల్లలు పడుకునే వేళ, తీరిగ్గా చూస్తాం. మగ్గం చప్పుడు వినిపిస్తే ఇంకా సంతోషం.

అమెరికాకు నేరుగా పంపడం ఇప్పుడు ఖర్చు వ్యవహారమైంది. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి పోయింది. మేమైతే హైదరాబాద్‌లో పుట్టింటికో, అత్తింటికో పంపించుకుని, ఎవరైనా వచ్చేటప్పుడు తెప్పించుకుంటున్నాం. "భారతదేశంలోని మీవాళ్ల చిరునామాకు పంపుతాం" అని నీ పేజీలో రాసి పెట్టుకో.

చీమకుర్తి రాయి

మాది గెలాక్సీ గ్రానైటు. మా కొనుగోలుదారు ఇల్లు కట్టుకునే మనిషి కాదు, కంటైనర్ల లెక్కన తీసుకునే దిగుమతిదారు. అతను ఉద్యోగులు, వ్యాపారులు కలుసుకునే లింక్డ్‌ఇన్‌లో ఉంటాడు. క్వారీ ఫోటోలు, పలక మందం, పాలిషింగ్ వివరాలు అక్కడే పెడతాం. చీరలకు ఇది అక్కర్లేదు. వ్యాపార సంస్థలకు అమ్మేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే రీళ్ల వెంట పడకండని చెప్పడానికి రాశాను.

ఇకత్ ఇంటి కోడలు

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. డాలస్ అత్తయ్య గారూ, కొంగు తిప్పి చూపించే మాట మా అత్తయ్యకు చదివి వినిపించాను, ఎంతో సంతోషించింది.

రెండు భయాలున్నాయి. కొత్త డిజైన్ పెట్టగానే ఎవరో దాన్ని ప్రింటులో దించేసి వందల్లో అమ్ముతారు. కట్లు లెక్క వేసి గ్రాఫు కాగితం మీద డిజైన్ గీయడానికే మామయ్యకు చాలా రోజులు పడుతుంది. రెండోది ధర. ధర పెడితే షావుకార్ల నుంచి మాట వస్తుందని మా ఆయన జంకుతున్నాడు. మాకు ఇంకా కూలి పని వాళ్ల దగ్గరి నుంచే రావాలి.

ప్రచారం పనివాడు, హైదరాబాద్

మొదటి భయం న్యాయమైనదే. పూర్తి చీర పరిచి, డిజైన్ మొత్తం నిలువుగా కనిపించే ఫోటో బయట పెట్టనవసరం లేదు. అంచు, కొంగులో ఒక భాగం, మడత ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టండి. పూర్తి ఫోటో అడిగినవాళ్లకు వాట్సాప్‌లో పంపండి. చీర అమ్ముడయ్యాక, కట్టుకున్నామె అనుమతితో ఆమె ఫోటో పెట్టండి. ప్రింటువాడు బొమ్మను దించగలడు, మీ పనిని దించలేడు. దారానికి రబ్బరు పట్టీలు బిగించి, రంగులో ముంచి, ఆరాక ఒక్కొక్క కట్టూ విప్పుతుంటే లోపలి తెలుపు బయటపడుతుంది చూడండి, మీకు రోజూ చేసే పని, మాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. ఆ వీడియోలతో మీ పేజీ నింపండి.

ధర విషయంలో డాలస్ అత్తయ్య గారి మాటే నాదీ. ధర కనిపిస్తే అడిగేవాళ్లు తగ్గుతారు, కొనేవాళ్లు మిగులుతారు. రోజుకు కొంచెం సమయమే ఉన్న మీకు కావలసింది అదే.

కోనసీమ పచ్చళ్లు

ధర విషయంలో నేను ఒప్పుకోను. ఆమె ఇంటికి ఇంకా కూలి పని కావాలి. షావుకారుతో చెడితే నెల గడిచేది ఎలా? పచ్చళ్లకు ధర పెట్టడం తేలిక, నా వెనక ఎవరూ లేరు. మొదట్లో ఇన్‌స్టాగ్రామ్‌లో "ధర ఇన్ని వేల నుంచి మొదలు" అని రాసి, అసలు ధరలు వాట్సాప్ కేటలాగులో పెట్టుకోనివ్వండి. సొంత చీరల ఆదాయం నిలదొక్కుకున్నాక బయట పెట్టవచ్చు.

ప్రచారం పనివాడు, హైదరాబాద్

ఆ కోణం నిజమే. ఆమె పరిస్థితికి మీరు చెప్పిందే సరిపోతుంది. కేటలాగులో మాత్రం ప్రతి చీరకూ ధర ఉండాలి, అడిగిన అందరికీ అదే ధర చెప్పాలి.

లెక్కల మాస్టారు

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను. ప్రకటనకు డబ్బు పెట్టాలనిపిస్తే ముందు ఉచితంగా పెట్టినవాటిలో ఏది ఎక్కువమందిని వాట్సాప్ దాకా తెచ్చిందో చూడండి, దానికే పెట్టండి. నొక్కగానే నేరుగా మీ వాట్సాప్ తెరుచుకునే ప్రకటనలు ఇన్‌స్టాగ్రామ్‌లో, ఫేస్‌బుక్‌లో ఉన్నాయి. ప్రాంతం, వయసు మీరే ఎంచుకోవచ్చు. ప్రకటన ఖర్చు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, అది కలుపుకుని లెక్క వేసుకోండి.

ఫోను దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఆర్డరు వచ్చిన ప్రతిసారీ "మమ్మల్ని ఎక్కడ చూశారు?" అని అడిగి రాయండి. కొన్ని నెలలు అలా రాస్తే ఏ వేదిక కూడు పెడుతోందో, ఏది సమయం తింటోందో ఆ పుస్తకమే చెబుతుంది. ఇక్కడ మేమందరం చెప్పినదానికన్నా అదే మీకు ఎక్కువ నిజం.

డబ్బు వచ్చినట్టు ఎవరైనా స్క్రీన్‌షాట్ పంపితే నమ్మి పార్సిల్ కట్టకండి. బ్యాంకు ఖాతాలో జమ అయిందో లేదో చూసుకున్నాకే పంపండి. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, కొట్టమన్నారంటే అది మోసమే. వేరే రాష్ట్రాలకు అమ్మేటప్పుడు జీఎస్టీ నిబంధనలు వేరుగా ఉంటాయి. చేతివృత్తుల వస్తువులకు కొన్ని మినహాయింపులున్నాయి. పెద్ద ఎత్తున పంపకముందే మీ దగ్గరి పన్నుల సలహాదారును ఒకసారి అడగండి.

వీడియోల విద్యార్థి, కాకినాడ

నేను చిన్న దుకాణాలకు రీళ్లు తీసి ఇస్తుంటాను. ఒక సాంకేతిక విషయం. ఇన్‌స్టాగ్రామ్‌లో బిజినెస్ ఖాతా తెరిస్తే సినిమా పాటల్లో చాలావాటిని వాడుకునే హక్కు ఉండదు. అయినా పెడితే శబ్దం తీసేయవచ్చు. మీకు పాట అవసరమే లేదక్కా. మగ్గం చప్పుడు, మీ అత్తయ్య మాటలు ఉంచండి. తెలుగులోనే మాట్లాడండి, కింద ఇంగ్లిష్ అక్షరాలు వేస్తే బెంగళూరు, చెన్నైలవాళ్లకూ అర్థమవుతుంది.

ఇంకొకటి, దీన్ని నేను గట్టిగా నమ్ముతాను. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను మన దేశంలో నిషేధించారు. దాని మీదే బేరాలు పెంచుకున్నవాళ్లకు తెల్లారేసరికి కొనేవాళ్లెవరో తెలియని పరిస్థితి వచ్చింది. పది రోజులు తిరక్కముందే ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ వచ్చింది, కానీ అందరూ మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. మన దేశంలోనే పుట్టిన 'కూ' అనే వేదిక కూడా 2024 జులైలో మూతపడింది. ఈ వేదికలన్నీ అద్దె ఇళ్లే, యజమాని ఎప్పుడు పొమ్మంటాడో తెలియదు. కొన్న ప్రతి ఒక్కరి పేరు, నంబరు, ఊరు, ఇష్టమైన రంగులు మీ సొంత పుస్తకంలో ఉండాలి. కొత్త చీర మగ్గం దిగినప్పుడు వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో ఒక్కో జాబితాలో 256 మందికి ఒకేసారి పంపవచ్చు. అయితే మీ నంబరును వాళ్లు తమ ఫోనులో దాచుకుంటేనే ఆ సందేశం చేరుతుంది. కాబట్టి పార్సిల్‌లో ఒక చిన్న చీటీ పెట్టండి: మీ పేరు, నేసినవాళ్ల పేరు, "ఈ నంబరు దాచుకోండి" అన్న మాట.

"మీ పేజీ నిబంధనలు అతిక్రమించింది, 24 గంటల్లో తీసేస్తాం, ఈ లింకు నొక్కండి" అని సందేశాలు వస్తాయి. నొక్కకండి, అవి ఖాతా కాజేయడానికే. రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) మొదటి రోజే పెట్టుకోండి.

డాలస్ అత్తయ్య

పార్సిల్‌లో చీటీ అన్న మాట నాకు బాగా నచ్చింది. నేసినవాళ్ల పేరు ఉంటే మేము దాచుకుంటాం, పక్కవాళ్లకు చూపిస్తాం కూడా.

ఇకత్ ఇంటి కోడలు

నిన్న రాత్రి ఇంట్లో అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఇన్‌స్టాగ్రామ్ ఖాతా తెరిచి, అక్కడ పెట్టింది ఫేస్‌బుక్ పేజీలోకి కూడా వెళ్లేలా కలుపుతున్నాం. పని వీడియోలు నేనే తీస్తాను, తెలుగులో అత్తయ్య చెబుతుంది. ధరలు వాట్సాప్ కేటలాగులో. గూగుల్ మ్యాప్స్ నమోదు మా ఆయన చేస్తానన్నాడు. యూట్యూబ్ ఇప్పుడు కాదు. ఆ సంస్థకు వద్దని ఫోన్ చేసి చెప్పేశాను.

చివరిగా ఒక సందేహం. వాట్సాప్ బిజినెస్‌కు నా నంబరే వాడవచ్చా? బంధువుల సందేశాలన్నీ అందులోనే ఉన్నాయి.

వీడియోల విద్యార్థి, కాకినాడ

వద్దక్కా. ఒకే నంబరు మామూలు వాట్సాప్‌లోనూ, బిజినెస్‌లోనూ ఒకేసారి నడవదు. మీ ఫోనులో రెండు సిమ్ములు పడితే కొత్త సిమ్ము తీసుకుని బిజినెస్ యాప్‌ను దానితో తెరవండి, రెండు యాప్‌లూ పక్కపక్కనే ఉంటాయి.

లెక్కల మాస్టారు

ఆ సిమ్ము మీ పేరు మీదే తీసుకోండి, తమ్ముడి పేరు మీద వద్దు. రీచార్జి ఆగనివ్వకండి. చాలాకాలం వాడకుండా వదిలేస్తే కంపెనీ ఆ నంబరు వేరొకరికి ఇచ్చేస్తుంది, అప్పుడు పార్సిల్ చీటీల మీద రాసినదంతా వృథా అవుతుంది. వాట్సాప్ తెరిచేటప్పుడు ఫోనుకు వచ్చే ఆరంకెల ధ్రువీకరణ సంఖ్య ఎవరు అడిగినా చెప్పవద్దు, ఇంట్లోవాళ్లు అడిగారని వచ్చిన సందేశమైనా సరే, ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి.